పాట కొలత: పల్లవి ఎత్తుగడ నుంచి ముక్తాయింపు దాకా

కృష్ణానగర్‌లో అద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు ట్యూన్ కట్టే కుర్రాళ్లయినా, ఏటా బోనాలకూ బతుకమ్మకూ కొత్త పాట విడుదల చేసే బృందాలైనా, షార్ట్ ఫిల్మ్‌లో ఒక్క పాట పెడదామనుకునే దర్శకులైనా ముందు అడిగేది "పాట ఎన్ని నిమిషాలుండాలి?" అనే. నిమిషాలతో మొదలుపెడితే పాట సాగదీసినట్టో నరికినట్టో తయారవుతుంది. పల్లవి ఎన్నిసార్లు తిరిగి రావాలి, వచ్చిన ప్రతిసారీ చెవి దానికోసం కాచుక్కూర్చునేలా మధ్యలో ఏం జరగాలి అన్నది తేల్చుకుంటే నిడివి దానంతటదే తేలుతుంది. కింద చెప్పే ప్రతి లెక్కా ఆ పల్లవి రాక చుట్టూ తిరిగేదే.

ఎక్కడ వినే పాట?

పాటంటే మూడు నిమిషాలన్న అలవాటు యంత్రం పెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి ఆ గోడ పడిపోయినా చెవి అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు గోడ ఇంకోచోట లేచింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. కాబట్టి మొత్తం పొడవు కన్నా ముందు చూసుకోవాల్సింది, మొదటి అర నిమిషంలో గొంతూ పల్లవీ వినబడ్డాయా లేదా అని.

మామూలుగా నిలబడే కొలతలు ఇవి. సినిమా మెలొడీ, ప్రైవేట్ ఆల్బమ్ పాట మూడున్నర నుంచి నాలుగున్నర నిమిషాలు. షార్ట్ ఫిల్మ్‌లో కథ ఆగకుండా నడవాలంటే పల్లవి, ఒక్క చరణంతో రెండు నిమిషాల లోపు ముగించండి. సన్నివేశం మరీ చిన్నదైతే పల్లవి ఒక్కటే ఉండే బిట్ సాంగ్ చాలు, 40 నుంచి 60 సెకన్లు. యూట్యూబ్ జానపదాలు ఐదారు నిమిషాలు కూడా లాగుతాయి, వాటిని ఆడుతూ వింటారు గనక. రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో వేదిక మీద పాడే లలితగీతానికి ప్రారంభ సంగీతం పొడుగైతే గాయని నిలబడి ఎదురుచూడాల్సి వస్తుంది. అక్కడ నాలుగు బార్లు (తాళం ఒక చుట్టు ఒక బార్) మించనివ్వకండి.

భాగాలు, వాటి పని

తెలుగు పాటకు ఎముకలు కీర్తన నుంచి వచ్చాయి. అన్నమయ్య సంకీర్తనల్లో ఎక్కువ వాటికి ఒక పల్లవి, మూడు చరణాలు. గోల్కొండ చెరసాలతో పేరు ముడిపడిన రామదాసు కీర్తనల్లో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి, అందుకే వందమంది కలిసి పాడగలరు. త్యాగరాజస్వామి కృతుల్లో పల్లవికీ చరణానికీ మధ్య అనుపల్లవి ఉంటుంది. చరణం రెండో సగం చాలాచోట్ల అనుపల్లవి వరసనే మళ్లీ అందుకుంటుంది. కొత్త పాట కట్టేవాళ్లు తప్పకుండా దొంగిలించాల్సిన ఉపాయం ఇది: చరణం చివరికొచ్చేసరికి అప్పటికే ఒకసారి విన్న వరస వినబడితే పల్లవి దగ్గరపడిందని చెవికి తెలిసిపోతుంది.

సినిమా పాటలో అనుపల్లవి దాదాపు పోయింది. ఇప్పుడు నడిచే వరస ఇలా ఉంటుంది: ప్రారంభ సంగీతం, పల్లవి, మొదటి బిట్, మొదటి చరణం, పల్లవి, రెండో బిట్, రెండో చరణం, పల్లవి, ముక్తాయింపు. మధ్య వాద్యసంగీతాన్ని వాద్యకారులు బిట్ అంటారు, ఇంకొందరు బీజీఎం అంటారు. తాళం లేకుండా పల్లవికి ముందు పాడే సాకీ ఐచ్ఛికం. పెడితే రెండు పాదాలకు మించకూడదు, ఇరవై సెకన్లలో అయిపోవాలి. క్లిక్ (చెవిలో తాళం కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) లేకుండా పాడతారు కాబట్టి సాకీని వేరే ట్రాక్‌గా రికార్డు చేసి, అది ఆగిన చోటు నుంచే బార్ల లెక్క మొదలుపెట్టండి. లేకపోతే తర్వాత కోతలన్నీ అర దెబ్బ (బీట్) తేడాతో పడతాయి.

పల్లవి ముందు, మిగతావన్నీ తర్వాత

పాట చెప్పే విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం ముక్కయినా పల్లవిలో లేకపోతే అది పల్లవి కాదు, చరణంలో ఒక పాదం. తర్వాత గతి, అంటే మాత్రల (ఒక లఘువు పలికేంత కాలం) నడక తేల్చుకోండి: చతురశ్రం నాలుగు మాత్రలు, తిశ్రం మూడు, ఖండం ఐదు, మిశ్రం ఏడు. ట్యూన్ ముందొస్తే "తననా"లతో పాడి మాత్రలు రాసుకోండి. మాట ముందొస్తే లఘువుకు ఒకటి, గురువుకు రెండు వేసి లెక్కపెట్టండి.

ఉదాహరణకు చతురశ్రంలో రెండు పాదాలు:

చెరువుకు / వానలు / వచ్చిన / వేళా
చినుకుల / గజ్జెలు / కట్టిన / నేలా

ప్రతి ముక్కా నాలుగు మాత్రలు, పాదానికి పదహారు. ఇక్కడ "వచ్చిన" తీసి "వస్తున్న" పెట్టి చూడండి. రెండు, రెండు, ఒకటి, మొత్తం ఐదు మాత్రలు. కాగితం మీద తేడా కనబడదు. మైకు ముందు గాయని ఒక అక్షరాన్ని మింగుతుంది, లేదా తర్వాతి "వేళా" ఆలస్యంగా పడుతుంది. స్టూడియోలో "పాడటం సరిగా లేదు" అని విసుక్కునే సందర్భాల్లో సగం తప్పు మాత్రలదే. అలాంటప్పుడు పది టేకులు అడగడం కన్నా మాట మార్చడం మేలు.

పల్లవికి నాలుగు పాదాలు చాలు. మొదటి పాదం విన్న వెంటనే నోటికి పట్టాలి. దానికి మూడు జాగ్రత్తలు. మొదటిది, ఎత్తుగడ మాట సాగదీసి పాడే వీలున్న అచ్చుతో ఉండాలి. ఆ, ఓ, ఏ సాగినట్టు ఉ, ఇ పై స్థాయిలో సాగవు. రెండోది, పెద్ద ఒత్తులు బరువైన దెబ్బ మీద పడాలి, తేలిక దెబ్బ మీద పడితే మాట విరిగినట్టు వినిపిస్తుంది. మూడోది, ఊపిరి. రెండు పాదాలకోసారైనా అర దెబ్బ ఖాళీ వదలండి. పల్లవి తాళం సమం (మొదటి దెబ్బ) మీద కాకుండా అర దెబ్బ తర్వాత ఎత్తుకుంటే ఆ ఖాళీ దానంతటదే దొరుకుతుంది. పాతకాలం నుంచీ ఆ ఎత్తుగడ అంత ఇష్టంగా వాడటానికి అదీ ఒక కారణమే.

మొదటిసారి పల్లవిని రెండుసార్లు వినిపించండి. ఒకసారి మాట వింటారు, రెండోసారి వరస పడుతుంది. నిడివి తగ్గించాలని అందరూ ముందు ఈ రెండోసారినే కోస్తారు. పాటకు అంతకన్నా చేటు లేదు.

నిమిషాలు కాదు, బార్లు

లెక్క చిన్నదే. 60ని టెంపోతో (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ అంకెతో) భాగించి, బార్‌లోని దెబ్బలతో గుణిస్తే ఒక బార్ ఎన్ని సెకన్లో వస్తుంది. టెంపో 96, బార్‌కు నాలుగు దెబ్బలైతే ఒక బార్ 2.5 సెకన్లు. పైన చూపించిన పదహారు మాత్రల పాదం, దెబ్బకు రెండు మాత్రల చొప్పున పాడితే రెండు బార్లు, అంటే ఐదు సెకన్లు. నాలుగు పాదాల పల్లవి ఎనిమిది బార్లు, ఇరవై సెకన్లు.

ఇప్పుడు కాగితం మీద పటం గీయండి:

ప్రారంభ సంగీతం 8 బార్లు
పల్లవి రెండుసార్లు 16
మొదటి బిట్ 12
మొదటి చరణం 16
పల్లవి ఒకసారి 8
రెండో బిట్ 12
రెండో చరణం 16
పల్లవి 8
ముక్తాయింపు 8

మొత్తం 104 బార్లు, 260 సెకన్లు, అంటే 4 నిమిషాల 20 సెకన్లు. చివరి స్వరం తోక కరిగిపోవడానికి ఇంకో రెండు మూడు సెకన్లు కలుపుకోండి. గొంతు 20వ సెకనులో మొదలవుతుంది, పల్లవి రెండుసార్లు పూర్తయ్యేది సరిగ్గా నిమిషానికి.

లెక్కలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే పాటను ఒకరు 80గా, ఇంకొకరు 160గా కొలుస్తారు. రెండో లెక్కలో బార్లు రెట్టింపవుతాయి. రిథమ్ ప్రోగ్రామర్‌తో మాట్లాడేముందు టెంపో ఏ దెబ్బకు చెబుతున్నారో చప్పట్లు కొట్టి చూపించండి. తిశ్రంలో ఇది మరీ తికమక పెడుతుంది: మూడు మాత్రలు కలిపి ఒక చప్పట్టా, ఒక్కో మాత్రకూ ఒక చప్పట్టా అన్నది ముందే ఒప్పుకోండి.

చరణం, అందింపు

పల్లవి మధ్యస్థాయిలో ఉంటే చరణం వేరేచోట మొదలవ్వాలి, వీలైతే పంచమం దగ్గరో ఆ పైనో. పల్లవి పాదాలు పొడుగైతే చరణం పాదాలు పొట్టిగా, లేదా తిరగేసి. పల్లవి వరసకు దగ్గరగా ఉండే చరణం వినేవాడికి మూడో పల్లవిలా అనిపిస్తుంది. ఇంక అసలు పల్లవి తిరిగొచ్చినా రుచి ఉండదు.

గాయకుల శ్రుతి నిర్ణయించేది పల్లవి కాదు, చరణంలోని అతి పై స్వరం. మగ గొంతుకు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి (హార్మోనియం మీద C, C#). ఆడ గొంతుకు ఐదు, ఐదున్నర (G, G#). యుగళగీతంలో ఇద్దరికీ ఒకే శ్రుతి పెడితే ఎవరో ఒకరు గొంతు అదిమో చించుకునో పాడాలి. రెండు దారులున్నాయి: పల్లవిని ఇద్దరికీ అందే ఆరేడు స్వరాల్లో కుదించడం, లేదా బిట్‌లో శ్రుతి మార్చి ఆమె చరణాన్ని ఆమెకు నప్పే చోట పెట్టి, తిరిగొచ్చే పల్లవిలో మళ్లీ మార్చడం. రెండో దారి వినడానికి బాగుంటుంది, కానీ తిరుగు మార్పుకు కనీసం రెండు బార్ల వంతెన కావాలి.

పదహారు బార్ల చరణాన్ని ఇలా పంచుకోండి: నాలుగు పాదాలు విషయం, రెండు పాదాలు పైస్థాయికి ఎత్తు, చివరి రెండు పాదాలు అందింపు, అంటే చరణం నుంచి పల్లవికి అప్పగించడం. పాట నిలిచేదీ కూలేదీ ఈ అందింపు దగ్గరే కాబట్టి దీనిమీద ఎక్కువ సమయం పెట్టండి. అందింపు మూడు రకాలుగా కుదరాలి. అర్థంలో, చరణం చివరి మాటకు పల్లవి మొదటి మాట జవాబులా ఉండాలి. స్వరంలో, చివరి స్వరం షడ్జం (స) మీద కూర్చోకూడదు. రిషభం (రి) మీదో నిషాదం (ని) మీదో వేలాడితే చెవి తనే పల్లవిని పిలుస్తుంది. తాళంలో, చివరి అక్షరం ముగిసి పల్లవి ఎత్తుకునేలోపు ఊపిరికి చోటుండాలి. ఇక్కడ ఖాళీ లేకపోతే పల్లవి మొదటి అక్షరం నలిగిపోతుంది. స్టూడియోలో పంచ్ చేసి వేరుగా పాడించి అతికించవచ్చు గానీ, అదే పాట వేదిక మీద పాడేటప్పుడు దొరికిపోతారు.

అందింపు అతకని పాటకు గుర్తు, చరణం తర్వాత వాద్యాలు అనవసరంగా ఒక బార్ నింపి పల్లవిని మోసుకురావాల్సి రావడం. అలా ఎక్కడ నింపారో అక్కడ మాట సరిచేయండి, బార్ తీసేయండి.

రెండో చరణం గురించి ఒక పరీక్ష. మొదటిదాన్నీ రెండోదాన్నీ తారుమారు చేసి పాడండి. పాటకు ఏమీ కాకపోతే రెండింట్లో ఒకటి అనవసరం. రెండో చరణం కాలాన్నో, మనిషినో, చోటునో మార్చాలి: మొదటిది ఆమె గురించైతే రెండోది ఊరి గురించి, మొదటిది నిన్నటిదైతే రెండోది రేపటిది. అప్పుడు అవే మాటలున్న పల్లవి మూడోసారి కొత్త అర్థంతో వినబడుతుంది.

బిట్ల పని చరణానికి దారి చూపడం. చివరి రెండు బార్లలో చరణం మొదటి స్వరం ఎక్కడో ఒకచోట వినబడాలి, లేకపోతే గాయకులు తడుముకుంటారు. బిట్ పూర్తిగా షడ్జం మీద ఆగితే చరణం ఇంకో పాటలా మొదలవుతుంది. రెండో బిట్‌లో మొదటిదాన్నే వాయిద్యం మార్చి పెట్టడం సోమరితనం. అంతకన్నా నాలుగు బార్ల డోలక్, చివర ఒక తీర్మానం (ముగింపు దరువు) నయం.

పొడుగైతే ఎక్కడ కోయాలి

పైన గీసిన 104 బార్ల పాటను 3 నిమిషాల 20 సెకన్లకు తేవాలనుకుందాం. 80 బార్లు కావాలి, అంటే 24 పోవాలి. ప్రారంభ సంగీతం 8 నుంచి 4. మొదటి బిట్ 12 నుంచి 8. రెండో బిట్ 12 నుంచి 4. రెండో చరణం మొదటి సగం వదిలి, ఎత్తు నుంచే మొదలుపెట్టి 8 బార్లు. నాలుగు, నాలుగు, ఎనిమిది, ఎనిమిది: ఇరవై నాలుగూ పోయాయి, పల్లవి ఒక్క బార్ కూడా నష్టపోలేదు. పల్లవి ఇప్పుడు పదో సెకనుకే వినబడుతుంది. సగం చరణం ఎత్తులోనే మొదలవుతుంది కాబట్టి పాట చివరికి ఊపందుకున్నట్టు కూడా ఉంటుంది. అయితే ఆ చరణంలో కొత్త విషయం మొదటి నాలుగు పాదాల్లోనే ఉండి ఉంటే, దాన్ని మిగిలిన నాలుగింటిలోకి తిరగరాసుకోవాలి. గుడ్డిగా కోస్తే అర్థం పోతుంది.

టెంపో పెంచి మిగుల్చుకోవడం ఇంకో దారి. 96ను 100 చేస్తే బార్ 2.4 సెకన్లు, అదే 104 బార్లు సుమారు 250 సెకన్లు. పది సెకన్లు మాత్రమే దక్కుతాయి. అంతకు మించి పెంచితే ఒత్తక్షరాలు తొక్కిడి పడతాయి. ఇదంతా గొంతు రికార్డు చేయకముందే తేల్చుకోవాలి. పాడిన గొంతును తర్వాత సాగదీసినా కుదించినా గమకాల్లో వణుకు తెలిసిపోతుంది.

పాట మరీ పొట్టిదైపోయిందా? బార్లు కలపకండి. పల్లవి చివరి పాదాన్ని ముక్తాయింపులో మూడుసార్లు పాడి, మూడోసారి నెమ్మదించి ఆపండి. ఫేడవుట్ రికార్డుకు బాగుంటుంది గానీ వేదిక మీద పనికిరాదు. పాటకు ఒక నిజమైన ముగింపు రాసి పెట్టుకోండి.

బతుకమ్మ, బోనాలు: వేరే లెక్క

బతుకమ్మ పాటకు బిట్లతో పని లేదు. ఒకరు పాదం అంటారు, వలయం మొత్తం తిరిగి అంటుంది, సగం పాదానికోసారి "ఉయ్యాలో" పడుతుంది. ఆ ఉయ్యాలోనే అక్కడ పల్లవి. చరణాలకు అంతుండదు, చుట్టూ తిరిగే కాళ్లు అలసేదాకా సాగవచ్చు. రికార్డు చేసేటప్పుడు ప్రతి పాదాన్నీ రెండుసార్లు లెక్కేయాలన్నది చాలామంది మరిచిపోతారు. పాదం ఐదు సెకన్లయితే 24 పాదాలు రెట్టింపై 240 సెకన్లు, నాలుగు నిమిషాలు. కథ పాటైతే 30 పాదాలు, ఐదు నిమిషాలు మంచి హద్దు. వరస ఐదారు స్వరాలు దాటకూడదు, అమ్మమ్మ గొంతూ ఏడేళ్ల పిల్ల గొంతూ కలవాలి. మధ్యలో కీబోర్డ్ బిట్ పెడితే ఆడేవాళ్ల చప్పట్లు తెగిపోతాయి. ఊపిరికి విరామం కావాలంటే వరస మార్చకుండా డప్పు ఒక్కదాన్నే రెండు చుట్లు నడిపించండి.

ఆషాఢంలో గోల్కొండలో మొదలై లష్కర్, లాల్‌దర్వాజా దాకా సాగే బోనాల పాటకు తీన్మారే ప్రాణం. ఊరేగింపులో డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లాలి కాబట్టి మొదట్లో, చివర్లో ఎనిమిదేసి బార్లు ఉట్టి దరువు ఉన్న కూర్పు విడిగా ఇవ్వండి. యూట్యూబ్ కూర్పుకు ఆ బార్లు అక్కర్లేదు, అమ్మవారి పేరుతో ఎత్తుకోవడమే మంచిది. పోతరాజు ఆటకు వదిలే దరువు ముక్క రెండో చరణం ముందు వస్తేనే ఊపు. మొదటే ఇచ్చేస్తే తర్వాత దాచుకోవడానికి ఏమీ మిగలదు.

స్టూడియోకు వెళ్లేముందు

ఫోన్‌లో క్లిక్ పెట్టుకుని, పాట మొత్తాన్ని బిట్లతో సహా నోటితో పాడి రికార్డు చేయండి. బిట్ల చోట ఊరికే ఆగకుండా "లాలా"లు పాడాలి, లేకపోతే పొడవు అబద్ధం చెబుతుంది. ఆ రికార్డింగ్‌ను మర్నాడు వినండి, కట్టిన రోజే వింటే ఏ లోపమూ వినబడదు. తర్వాత పాట తెలియని ఇద్దరికి ఒక్కసారి వినిపించి, పది నిమిషాలు వేరే మాటల్లో పెట్టి పల్లవి హమ్ చేయమనండి. వరస వచ్చి మాట రాకపోతే మాత్రలు చూడండి. మాట వచ్చి వరస రాకపోతే పల్లవికీ చరణానికీ తేడా చాల్లేదు. రెండూ రాకపోతే పల్లవి మళ్లీ కట్టాలి, ఎన్ని బార్లు సర్దినా లాభం ఉండదు.

పరీక్ష నెగ్గాక బార్ల పటాన్ని అచ్చు తీయించి ప్రోగ్రామర్‌కు ఒకటి, గాయకులకు ఒకటి, మిక్సింగ్ ఇంజనీర్‌కు ఒకటి ఇవ్వండి. అందులో టెంపో, శ్రుతి, ప్రతి భాగం మొదలయ్యే బార్ అంకె, ఊపిరి గుర్తులు ఉండాలి. రికార్డింగ్ అయ్యాక ఒకే రోజు నాలుగు కూర్పులు తీయించుకోండి: పూర్తి పాట, గొంతు లేని ట్రాక్, పల్లవితోనే మొదలయ్యే 30 సెకన్ల ముక్క, చరణం ఎత్తు నుంచి అందింపు మీదుగా పల్లవిలోకి వచ్చే 45 సెకన్ల ముక్క. ఆ చివరిదాన్ని 96 టెంపోలో లెక్కేస్తే 18 బార్లు: ఎత్తు 4, అందింపు 4, పల్లవి 8, మిగతా రెండు తోకకు. సెషన్ ఫైళ్లు మూసేశాక ఆ ముక్క కావాలంటే మళ్లీ కాల్‌షీట్ తీసుకోవాల్సిందే.